సంతకం పెట్టి వెళ్లిన దాడి
1922 ఆగస్టు నేటి సాయుధ దాడులకు చెప్పే పాఠాలు

ప్రతి ఏడాది ఆగస్టు నెలలో మా బడిలో పిల్లలకు చింతపల్లి దాడి గురించి చెబుతాం. పాఠ్యపుస్తకంలో దానికి దొరికే చోటు కొన్ని వాక్యాలే. అల్లూరి సీతారామరాజు మూడు పోలీస్ స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్లాడని ఉంటుంది. పరీక్షకు అది చాలు. కానీ ఆ నడకదారులు మన దారులు. ఆ మూడు రోజులు నడిచినవాళ్లు మన తాతల ముందు తరంవాళ్లు. మనకు మాత్రం ఆ కొన్ని వాక్యాలు చాలవు.

ఒక ఏడాది ఏడో తరగతి పిల్లవాడు లేచి అడిగాడు: "తుపాకులు ఎత్తుకెళ్లినవాళ్లు పుస్తకంలో సంతకం ఎందుకు పెట్టారు సార్? దొంగలు అట్టా పెట్టరు కదా?" ఆ రోజు మేము తడుముకుంటూ ఏదో చెప్పాం. ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు. అప్పటి నుంచి ఆ దాడిని వేరేగా చదవడం మొదలుపెట్టాం. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

ముందే ఒక మాట. దాడి ఎలా చేయాలో పిల్లలకు నేర్పడానికి మేము ఇది రాయడం లేదు. దాడులు మన అడవుల్లో వందేళ్లకు పైగా జరుగుతూనే ఉన్నాయి. చేసేవాళ్లు మారారు, తుపాకులు మారాయి. దాడి జరిగే ఊరు మాత్రం మనదే. కాబట్టి ఏది ఎలాంటి దాడో తేడా తెలుసుకోవలసిన అవసరం అందరికంటే ముందు మనకే ఉంది.

దాడికి ముందు

పితూరీలు మన్యానికి కొత్త కాదు. 1879లో రంప ప్రాంతం భగ్గుమన్నప్పుడు ద్వారబంధాల చంద్రయ్య మనుషులు అడ్డతీగల పోలీస్ స్టేషన్‌ను తగలబెట్టారు. కారం తమ్మన్నదొర వంటి నాయకులు అడవిని అడ్డం పెట్టుకొని నెలల తరబడి పోరాడారు. అప్పటి కోపానికి కారణం చిగురు పన్ను, కల్లు మీద ఆంక్షలు, ముఠాదారుల మీద మన్సబుదారు పెత్తనం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు కొట్టడం నేరమైంది. కట్టెపుల్లకూ, మేతకూ, పండుకూ ఆకుకూ అనుమతి కావలసి వచ్చింది.

1922 నాటికి గూడెం తాలూకాలో ఆ బరువు మీద ఇంకో బరువు పడింది. నర్సీపట్నం వైపు నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించే పని. తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లను బలవంతంగా పనిలోకి దించాడు. ఇవ్వవలసిన కూలి ఇవ్వలేదు. ఎదురు చెప్పినవాళ్ల మీద కక్ష కట్టాడు. బట్టిపనుకులకు చెందిన గాం గంతందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ఆ కక్షకు గురైనవాళ్లలో ఉన్నారు. పదవి, భూమి, పరువు పోగొట్టుకున్న కుటుంబం అది.

సీతారామరాజు 1917లో కృష్ణదేవిపేట వచ్చాడు. తపస్సు, వైద్యం, ధర్మబోధ చేసే మనిషిగా మనవాళ్లు ఆయన్ని నమ్మారు. కల్లు మానమన్నాడు, కోర్టులకు పోకుండా పంచాయతీల్లో తగవులు తీర్చుకోమన్నాడు. అది సహాయ నిరాకరణ ఉద్యమ కాలం. ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. 1922 మొదట్లో ఆయన్ని కొంతకాలం నిఘాలో ఉంచింది. పైడిపుట్టలో భూమి ఇచ్చి అక్కడే కట్టిపడేయాలని చూసింది. ఆయన నిలవలేదు.

ఒక సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. రాజుగారు మైదానం నుంచి వచ్చినవారు. దెబ్బ తిన్న ఊళ్లు, దారి తెలిసిన కాళ్లు, కబురు మోసిన నోళ్లు మనవి. గాం సోదరులు, మొట్టడం వీరయ్యదొర, కంకిపాటి పడాలు, గోకిరి ఎర్రేసు లాంటివాళ్లు లేకుండా ఆ మూడు రోజులు లేవు. సినిమాలో గుర్రం మీద ఒక్కడే కనిపిస్తాడు. ఘాటీ ఎక్కి దిగినవాళ్లు వందల మంది.

మూడు రోజులు, మూడు స్టేషన్లు

1922 ఆగస్టు 22న చింతపల్లి. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి.

పటం ముందు పెట్టుకొని ఈ మూడు పేర్లూ కలిపి చూడండి. చింతపల్లి కొండ మీద. కృష్ణదేవిపేట కొండ కింద, మైదానం అంచున. రాజవొమ్మంగి అక్కడి నుంచి పడమటి దిక్కున. అవి వానాకాలం రోజులు. వాగులు పొంగి ఉంటాయి, దారులు జారుతుంటాయి. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు కబురు పోవాలంటే మనిషి నడవాలి. ఆ కబురు కంటే ముందు దాడి చేసినవాళ్లే చేరారు. మొదటి పాఠం అదే: ఆశ్చర్యం అంటే చీకటో, ముసుగో కాదు. ఎదుటివాడికి కబురు అందే లోపల పని పూర్తి కావడం.

దాడిలో పాల్గొన్నవాళ్లు మూడు వందలని కొందరు, ఐదు వందలని కొందరు రాశారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి విల్లంబులు, బరిసెలు, కత్తులు. స్టేషన్లలో ఉన్నది కొద్దిమంది కానిస్టేబుళ్లు, తాళం వేసిన తుపాకులు. మూడు చోట్లా కలిపి 26 కార్బైన్ తుపాకులు, 2,500కు పైగా తూటాలు వాళ్ల చేతికి వచ్చాయి. రాజవొమ్మంగిలో నిర్బంధంలో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించుకున్నారు.

ఈ మూడు దాడుల్లో పోలీసుల ప్రాణాలు తీయలేదు. కొట్లు దోచలేదు, ఊరి ఇళ్ల జోలికి పోలేదు. కావలసింది ఆయుధం, తీసుకున్నది ఆయుధం.

ఆ తర్వాత రాజుగారు స్టేషన్ పుస్తకం తెరిచి, ఏమేం తీసుకున్నారో రాసి, సంతకం పెట్టారు.

ఆ సంతకం ఏం చెబుతుంది

మా పిల్లవాడి ప్రశ్నకు ఇప్పుడు మాకు తోచే జవాబు ఇది. ఆ సంతకంలో మూడు మాటలున్నాయి.

మొదటిది: ఇది మేమే చేశాం. మా పని వేరొకరి నెత్తిన పడకూడదు. దాడి జరిగిన మర్నాడు పోలీసులు దారిన పోయే గిరిజనుణ్ణి పట్టుకొని "నువ్వే కదా" అని కొట్టడం మనకు తెలియనిది కాదు. సంతకం ఆ దెబ్బలన్నిటినీ ఆపలేదు. కానీ ఎవరు చేశారన్న దాంట్లో అబద్ధానికి చోటు లేకుండా చేసింది.

రెండోది: మేము తీసుకున్నది ఇంతే. పది తుపాకులు పోతే ఇరవై పోయాయని, డబ్బు పెట్టె కూడా పోయిందని రాసుకునే వీలు అధికారికి లేకుండా పోయింది. లెక్క రాసినవాడు తన చేతులకు తానే హద్దు గీసుకున్నట్టు.

మూడోది: మేము దొంగలం కాదు. సర్కారుతో తగవు ఉన్నవాళ్లం. తగవు ఉన్నవాడు ముఖం చూపిస్తాడు, పేరు చెబుతాడు.

సైనిక పుస్తకాల్లో ఆకస్మిక దాడికి నాలుగైదు సూత్రాలు రాస్తారు. స్థలం తెలియాలి, వేగం ఉండాలి, లక్ష్యం ఒకటే కావాలి, బయటపడే దారి ముందే చూసుకోవాలి అంటారు. చింతపల్లి దాడిలో అవన్నీ ఉన్నాయి. వాటితో పాటు ఆ పుస్తకాల్లో అరుదుగా కనిపించే ఇంకో సూత్రం కూడా ఉంది: చేసినదానికి లెక్క చెప్పడం.

దామనపల్లి ఘాటీ

నెల తిరగక ముందే ప్రభుత్వం అదనపు బలగాలను దించింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో ఒక పోలీసు దళం ఇరుకు దారిన వెళుతోంది. ఆ దారికి పైన మనవాళ్లు పొంచి ఉన్నారు. ముందు నడుస్తున్న భారతీయ సిపాయిలను పోనిచ్చారు. వెనక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చారు. ఇద్దరూ చనిపోయారు.

ఇందులో సైన్యానికి పాఠం స్పష్టం. తెలియని ఇరుకు దారిలో బారుగా నడిచే దళం, ఎంత తుపాకీ బలం ఉన్నా, పైన కూర్చున్నవాడి దయ మీద ఉంటుంది. కానీ మనం చూడవలసింది ఇంకొకటి. పొదలో కూర్చుని వేలు మీట మీద పెట్టినవాడు, ఎదురుగా వస్తున్న మనుషుల్లో ఎవరిని కాల్చాలి, ఎవరిని వదలాలి అని చూసి ఆగాడు. భారతీయ సిపాయికి హాని చేయవద్దన్నది రాజుగారి మాట. ఆగడం కాల్చడం కంటే కష్టం. భయం ఉన్నవాడు ఆగలేడు. క్రమశిక్షణ ఉన్నవాడే ఆగగలడు.

ఆశ్చర్యం ఒక్కసారే

ఇక్కడి నుంచి కథ మారుతుంది. మనవాళ్ల గొప్ప చెప్పుకొని ఆగిపోతే చరిత్ర సగమే అవుతుంది.

అక్టోబరులో అడ్డతీగల స్టేషన్ మీదికి వెళ్లారు. ఆ నెలలోనే రంపచోడవరం కూడా వెళ్లారు. మిరపకాయ టపా అని మన పెద్దలు చెప్పుకునేది ఈ రోజుల మాటే. బాణానికి మిరపకాయలు, చీటీ కట్టి ముందుగా కబురు పంపడం. అది ధైర్యమే, కాదనం. కానీ అప్పటికే స్టేషన్లు జాగ్రత్త పడ్డాయి. ఆయుధాలను ముందే తరలించారు. ఆగస్టులో దొరికినట్టు అక్టోబరులో తుపాకులు దొరకలేదు. ఊళ్లో జనం గౌరవించారు, పేరు వచ్చింది, తూటా రాలేదు.

డిసెంబరు 6న పెద్దగడ్డెపాలెం దగ్గర జరిగిన పోరులో మనవాళ్లు ఎదురుదెబ్బ తిన్నారు. మనుషులు పోయారు. ఆగస్టులో సంపాదించిన ఆయుధాల్లో కొన్ని పోయాయి. అప్పటికే మలబారు స్పెషల్ పోలీసులు దిగారు. తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చారు. 1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్‌ను ప్రత్యేక అధికారిగా పంపారు. ఒక తూటా పోతే మనవాళ్లకు ఇంకో తూటా లేదు. ఒక దళం పోతే సర్కారుకు ఇంకో దళం ఉంది.

రెండో పాఠం ఇది. ఆకస్మిక దాడి తలుపు తెరుస్తుంది, ఇల్లు కట్టి ఇవ్వదు. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు గెలిచినవాళ్లు రెండేళ్లలో అలిసిపోయారు. నేడు డ్రోన్లతో, హెలికాప్టర్లతో దాడి చేసేవాళ్లకూ ఈ మాట వర్తిస్తుంది. ఒక రాత్రి గెలుపును టీవీలో చూపించవచ్చు. ఆ ఊళ్లో భూమి పట్టా, కూలి, బడి, ఆసుపత్రి సంగతి తేలకపోతే తగవు అక్కడే ఉంటుంది.

దాడి తర్వాత ఊరు

మూడో పాఠం మన ఇళ్లకు సంబంధించినది. దాడి చేసినవాళ్లు అడవిలోకి వెళ్లిపోతారు. ఊరు ఎక్కడికీ వెళ్లలేదు. 1922 తర్వాత గూడెం, రంప ఊళ్లలో శిక్షా పోలీసులను పెట్టి, ఆ ఖర్చు జనం నెత్తిన వేశారు. తిరుగుబాటుదారులకు అన్నం పెట్టారని కొట్టారు, ధాన్యం పట్టుకుపోయారు. సంతలు, దారులు కట్టడి చేశారు. తుపాకీ పట్టనివాడు ఎక్కువ నష్టపోయాడు.

1924 మే 7న రాజుగారిని మంప దగ్గర పట్టుకుని కొయ్యూరులో కాల్చి చంపారు. కోర్టు లేదు, విచారణ లేదు. పారిపోబోయాడని చెప్పారు. దాడి చేసినప్పుడు సంతకం పెట్టినవాడి చావుకు సర్కారు దగ్గర నిజమైన లెక్క లేదు. మరుసటి నెల గాం గంతందొర కూడా కాల్పుల్లో చనిపోయాడు. గాం మల్లుదొర అంతకు ముందే 1923లో దొరికిపోయి, శిక్ష అనుభవించి బతికి బయటపడ్డాడు. 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా గెలిచాడు. విల్లు పట్టిన చేతికి, తుపాకీ పట్టిన చేతికి చివరికి ఓటు పెట్టె దారి చూపించింది. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

సార్కేగూడ రాత్రి

ఇప్పుడు మన కాలానికి వద్దాం. శబరి దాటి, మన చుట్టాలు ఉండే వైపుకే. ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలో సార్కేగూడ. అక్కడ మాట్లాడేది మన సరిహద్దు ఊళ్లలో వినిపించే కోయ మాటే.

2012 జూన్ 28 రాత్రి సార్కేగూడ, కొత్తగూడ, రాజ్‌పెంట ఊళ్ల జనం ఒక చోట కూడారు. వానలు మొదలయ్యే వేళ చేసుకునే విత్తనాల పండుగ గురించి మాట్లాడుకోవడానికి కూడామని వాళ్లు చెప్పారు. మన కోయ ఊళ్లలో విజ్జ పండుం అంటామే, అదే. మావోయిస్టులు ఉన్నారన్న సమాచారంతో సిల్గేర్ వైపు బయలుదేరిన సీఆర్‌పీఎఫ్, రాష్ట్ర పోలీసు బలగాలు చీకట్లో ఆ గుంపు మీద కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు. వాళ్లలో చిన్న పిల్లలు కూడా ఉన్నారు.

మొదట అది పెద్ద విజయమని ప్రకటించారు. జస్టిస్ వి.కె. అగర్వాల్ న్యాయ విచారణ సంఘం ఏళ్ల తరబడి విచారించి 2019లో నివేదిక ఇచ్చింది. చనిపోయినవాళ్లు మావోయిస్టులని చూపే ఆధారం లేదని చెప్పింది. ఊరివాళ్ల వైపు నుంచి కాల్పులు జరిగినట్టు తేలలేదని చెప్పింది. బలగాలు భయంతో, గాబరాతో కాల్చి ఉండవచ్చని, జవాన్లకు తగిలిన గాయాలు తోటివాళ్ల తూటాలవే కావచ్చని చెప్పింది.

చింతపల్లినీ సార్కేగూడనూ పక్కపక్కన పెట్టి చూడండి. చింతపల్లికి వెళ్లినవాళ్లకు స్టేషన్ ఎక్కడుందో, అందులో ఎవరున్నారో స్వయంగా తెలుసు. సార్కేగూడకు వెళ్లినవాళ్లకు చెవిన పడ్డ మాట మాత్రమే తెలుసు. దామనపల్లిలో పొంచినవాళ్లు ఎవరో చూసి ఆగారు. సార్కేగూడలో చీకట్లో చూడకుండా కాల్చారు. చింతపల్లిలో చేసినవాడు అప్పటికప్పుడు లెక్క రాశాడు. సార్కేగూడ లెక్క బయటికి రావడానికి ఏడేళ్లు పట్టింది.

ఇది ఒక వైపుకే చెప్పే మాట కాదు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టులు మాటు వేసి 76 మంది జవాన్లను చంపారు. ఆ జవాన్లు ఎక్కువమంది మనలాంటి పేదిళ్ల పిల్లలే. దళాన్ని నడిపించడంలో లోపాలున్నాయని ఆ తర్వాతి విచారణ చెప్పింది. దామనపల్లి పాఠం ఎనభై ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఎక్కలేదు. దామనపల్లిలో ఆగిన వేలు తాడ్‌మెట్లలో ఆగలేదన్నది కూడా నిజమే. ఆ మరుసటి ఏడాది మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం ఊళ్లలో ఇళ్లు తగలబడ్డాయి. సుప్రీంకోర్టు ఆదేశం మీద సీబీఐ విచారించి, ప్రత్యేక పోలీసులుగా పనిచేసినవాళ్ల మీద అభియోగాలు పెట్టింది. మళ్లీ అదే వరస: ముందు మాటు, తర్వాత బలగం, చివరికి ఊరు.

తరగతి గదిలో

తోటి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ పాఠం చెప్పేటప్పుడు తేదీలు బట్టీ పట్టించడంతో ఆగకండి. బోర్డు మీద నాలుగు గళ్లు గీయండి. ఎందుకు వెళ్లారు? ఎవరికి హాని జరిగింది? తర్వాత ఊరికి ఏమైంది? ఎవరు లెక్క చెప్పారు? చింతపల్లి, దామనపల్లి, కొయ్యూరు, సార్కేగూడ, తాడ్‌మెట్ల పేర్లు ఒకదాని కింద ఒకటి రాసి, గళ్లు పిల్లలనే నింపమనండి. మేము అలా చేసినప్పుడు చివరి గడి చాలాచోట్ల ఖాళీగా మిగిలింది. పిల్లలు ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశారు. మేము ఏమీ కలపలేదు.

చదువుకున్న మన యువకులకు ఇంకో మాట. మీలో కొందరు పోలీసు ఉద్యోగాల్లో చేరుతున్నారు. కొందరు న్యాయవాదులు అవుతున్నారు, కొందరు విలేకరులు. చేతిలో తుపాకీ ఉన్నవాళ్లు దామనపల్లి ఘాటీని గుర్తుపెట్టుకోండి: చూడకుండా వేలు నొక్కవద్దు. చేతిలో కలం ఉన్నవాళ్లు చింతపల్లి స్టేషన్ పుస్తకాన్ని గుర్తుపెట్టుకోండి: మన ఊళ్లో ఏ దాడి జరిగినా ఆ రోజే తేదీ, సమయం, పోయినవాళ్ల పేర్లు, పోయిన సామాను రాసి పెట్టండి. కింద సంతకం పెట్టండి. ఇంకెవరో ఏడేళ్ల తర్వాత రాస్తారని ఎదురుచూడవద్దు.

ఆ పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఈ మధ్య సంతలో కలిస్తే జవాబు చెప్పాం. "దొంగ సంతకం పెట్టడు రా, నువ్వన్నది నిజమే. అందుకే వాళ్లు పెట్టారు."